అయస్కాంత చరతారను ఎక్స్‌రే డేటాలో చదవడం ఎలా: డౌన్‌లోడ్ నుంచి ద్రవ్యరాశి లెక్క దాకా

"డేటా దింపుకున్నాం, వర్ణపటానికి మోడల్ కూడా అతికింది. కానీ ఉష్ణోగ్రత 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటి పోతోంది. మోడల్ మార్చాలా?" ఎం.ఎస్‌సీ. ప్రాజెక్టులు చేసే విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఊరికే మోడల్ మార్చితే తప్పు పోదు, దాక్కుంటుంది. అసలు పొరపాటు చాలాసార్లు నాలుగు మెట్లు వెనక, ఈవెంట్ ఫైలును శుభ్రం చేసే దగ్గరే జరిగి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో పని జరగాల్సిన వరుసలోనే రాస్తున్నాను. ముందు కాలం, తర్వాతే శక్తి. ఈ వరుస తప్పించకండి.

అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను: ధనూరాశిలోని వి1223 సాజిటేరీ. ఎక్స్‌రేలలో బాగా ప్రకాశిస్తుంది, దీని కాలాలు ఎప్పుడో తేలాయి, డేటా అందరికీ అందుబాటులో ఉంది. చేయి తిరగడానికి ఇంతకన్నా మంచి తార దొరకదు. ప్రోగ్రాముల పేర్లు పలికే తీరులో రాశాను. కిలో ఎలక్ట్రాన్ వోల్టును కేఈవీ అంటాను.

1. మీ తార ఏ జాతిదో ముందు తేల్చుకోండి

ఒక శ్వేత మరుగుజ్జు, దానికి పదార్థాన్ని జారవిడిచే ఒక ఎర్ర మరుగుజ్జు. ఈ జంటలో శ్వేత మరుగుజ్జుకు బలమైన అయస్కాంత క్షేత్రం ఉంటే, వచ్చే పదార్థం క్షేత్ర రేఖల వెంట ధ్రువాల మీదికి దూకుతుంది. ఉపరితలానికి కాస్త పైన షాక్ (పడే పదార్థం వేగం హఠాత్తుగా తగ్గే హద్దు) ఏర్పడి, పదార్థం కోట్ల డిగ్రీలకు వేడెక్కి, చల్లారుతూ ఎక్స్‌రేలు వెదజల్లుతుంది. మనం కొలవబోయేది ఆ చల్లారే స్తంభాన్నే.

ఇందులో రెండు జాతులు.

పోలార్లలో క్షేత్రం సుమారు కోటి గాస్‌ల నుంచి మొదలవుతుంది. శ్వేత మరుగుజ్జు చుట్టూ పదార్థం తిరిగే డిస్క్ ఏర్పడదు. భ్రమణ కాలం, కక్ష్యా కాలం ఒకటే.

ఇంటర్మీడియట్ పోలార్లలో క్షేత్రం తక్కువ. డిస్క్ ఉంటుంది కానీ లోపలి భాగం తెగిపోయి ఉంటుంది. భ్రమణం కక్ష్య కంటే చాలా వేగం. (పేరులో ఇంటర్మీడియట్ ఉందని మన ఇంటర్ చదువు గుర్తు తెచ్చుకోకండి. పరీక్ష మాత్రం అంతకన్నా కఠినం.)

వి1223 సాజిటేరీ రెండో జాతి. ఈ మూడు అంకెలు కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోండి:

- భ్రమణ కాలం: 745.6 సెకన్లు
- కక్ష్యా కాలం: 3.366 గంటలు, అంటే సుమారు 12,117 సెకన్లు
- బీట్ కాలం: 794.5 సెకన్లు

మూడోది మొదటి రెండిటి నుంచే వస్తుంది. భ్రమణ పౌనఃపున్యంలోంచి కక్ష్యా పౌనఃపున్యాన్ని తీసివేసి, తలకిందులు చేయండి. మీ తారకు ఈ లెక్క చేతితో ఒకసారి చేసుకోండి. తర్వాత గ్రాఫులో ఎక్కడ చూడాలో కళ్లకు తెలిసి ఉంటుంది.

2. ప్రశ్నను బట్టి దూరదర్శిని

డేటా దొరికింది కదా అని దానికి తగ్గ ప్రశ్న వెతకడం తలకిందుల పని.

*కాలాలు కొలవాలంటే* ఎక్స్‌ఎంఎం-న్యూటన్. 1999 డిసెంబరులో ఎగిరిన ఈ ఉపగ్రహం భూమి చుట్టూ ఒక చుట్టుకు దాదాపు రెండు రోజులు తీసుకుంటుంది. అందువల్ల గంటల తరబడి తెంపు లేకుండా చూడగలదు. పీఎన్ కెమెరా మన పనికి ముఖ్యం. ఉపయోగపడే పరిధి 0.3 నుంచి 10 కేఈవీ.

*షాక్ ఉష్ణోగ్రత, ద్రవ్యరాశి కావాలంటే* న్యూస్టార్. 2012లో ఎగిరింది. పరిధి 3 నుంచి 79 కేఈవీ. అయితే ఇది భూమికి దగ్గరగా, 97 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. చాలా తారలను ప్రతి చుట్టులోనూ భూమి కొంతసేపు కప్పేస్తుంది. ఆ ఖాళీలు ఎంత పని చేస్తాయో ఐదో మెట్టులో చూస్తారు.

*ఇనుము రేఖల లోతు చూడాలంటే* 2023లో ఎగిరిన జపాన్ వారి క్రిజమ్. దాని రిజాల్వ్ పరికరం సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాను విడదీస్తుంది. దాని ద్వారం మూత ఇంకా తెరుచుకోలేదు కనుక 1.7 కేఈవీ లోపు దానితో పని లేదు.

ఆస్ట్రోశాట్ సంగతి ఏమిటని చాలామంది అడుగుతారు. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. దాని డేటా కూడా అందుబాటులో ఉంది. ఎస్‌ఎక్స్‌టీ పరికరం 0.3 నుంచి 8 కేఈవీ వరకు, ల్యాక్స్‌పీసీ 3 నుంచి 80 కేఈవీ వరకు చూస్తాయి. కానీ ల్యాక్స్‌పీసీ బొమ్మ తీయదు. దాదాపు ఒక డిగ్రీ వెడల్పు ఆకాశంలోంచి వచ్చినదంతా కలిపి లెక్కపెడుతుంది. పాలపుంత తలానికి దగ్గరగా ఉన్న తారకు ఇది ప్రమాదం, పక్కింటి వెలుగు కూడా మన లెక్కలో పడుతుంది. నా సలహా: మొదటి ప్రాజెక్టుకు ఎక్స్‌ఎంఎం, న్యూస్టార్ తీసుకోండి. చేయి తిరిగాక ఆస్ట్రోశాట్‌కు రండి.

3. కూర్చునే ముందు

- లినక్స్ లేదా మ్యాక్ కంప్యూటర్. విండోస్ అయితే అందులోనే లినక్స్ ఉపవ్యవస్థ.
- ఎక్స్‌ఎంఎం డేటాకు శాస్, న్యూస్టార్ డేటాకు హీసాఫ్ట్. వర్ణపటాలకు వాడే ఎక్స్‌స్పెక్ హీసాఫ్ట్‌తోనే వస్తుంది.
- రెండిటికీ తాజా క్రమాంకన (క్యాలిబ్రేషన్) ఫైళ్లు. పాత ఫైళ్లతో చేసిన పనిని కొత్త ఫైళ్లతో మళ్లీ చేయాల్సి వస్తుంది.
- ఒక్కో పరిశీలనకు కొన్ని పదుల జీబీల ఖాళీ.
- తార స్థానం: 18 గంటల 55 నిమిషాల 2.3 సెకన్లు, దక్షిణంగా 31° 9′ 50″. బొమ్మలో కంటితో గుర్తించిన స్థానం వద్దు.
- గాయా ఉపగ్రహం ఇచ్చిన దూరం. ఈ తారకు అది 1,900 కాంతి సంవత్సరాల ప్రాంతంలో ఉంది.
- పరిశీలన జరిగిన రోజుల్లో తార కంటి వెలుగులో ఎలా ఉందో చెప్పే రికార్డు.

చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. ఈ తారలు ఉన్నట్టుండి మసకబారుతాయి, అప్పుడు పదార్థం రాక తగ్గిపోయి ఉంటుంది. ఆ స్థితిలో తీసిన డేటాను మామూలు స్థితి డేటాతో కలిపితే సగటు వస్తుంది కానీ అది ఏ స్థితికీ చెందదు. అమెరికాలోని చరతారా పరిశీలకుల సంఘం ఏఏవీఎస్ఓ వద్ద ఔత్సాహికుల కొలతలు దశాబ్దాల తరబడి ఉన్నాయి, ముందు అక్కడ చూడండి. వి1223 సాజిటేరీ మామూలుగా 13వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటుంది. హైదరాబాద్ నుంచి చూస్తే దక్షిణాన 41 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది, మంచి కెమెరా ఉన్న చిన్న దూరదర్శినికి అందుతుంది.

4. ఈవెంట్ ఫైలును శుభ్రం చేసే వరుస

ఈవెంట్ ఫైలంటే ఫోటాన్ల హాజరు పట్టీ. ఏ ఫోటాన్ ఎప్పుడు, ఎక్కడ, ఎంత శక్తితో వచ్చిందో ఒక్కో వరుసలో ఉంటుంది. ఎక్స్‌ఎంఎం డేటాకు వరుస ఇది:

1. సిఫ్‌బిల్డ్, తర్వాత ఓడీఎఫ్ ఇంజెస్ట్. పరిశీలన తేదీకి తగిన క్రమాంకనం కుదురుతుంది.
2. ఈపీప్రాక్ నడిపి పీఎన్ ఈవెంట్ ఫైలు తయారు చేయండి.
3. 10 నుంచి 12 కేఈవీ మధ్య, ఒక్క పిక్సెల్‌లోనే నమోదైన ఈవెంట్లతో లైట్ కర్వ్ (సమయంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫు) గీయండి. తార ఇక్కడ బలహీనం కనుక మీకు కనిపించే ఎగుడుదిగుళ్లు అంతరిక్షంలోంచి కెమెరా మీద పడే ప్రోటాన్ల వాన.
4. సెకనుకు 0.4 లెక్కలు (నమోదైన ఈవెంట్లు) దాటిన భాగాలను ట్యాబ్‌జీటీఐజెన్‌తో పక్కన పెట్టి మంచి సమయాల జాబితా చేయండి. 0.4 ఆరంభానికి పనికొచ్చే అంకె మాత్రమే, మీ గ్రాఫు చూసి మార్చుకోండి.
5. ఆ జాబితాతో వడపోయండి. పీఎన్‌కు ప్యాటర్న్ 4 వరకు, ఫ్లాగ్ సున్నా.
6. తార చుట్టూ 30 నుంచి 40 ఆర్క్‌సెకన్ల వృత్తం, అదే చిప్ మీద తార లేని చోట బ్యాక్‌గ్రౌండ్ వృత్తం.
7. ఈప్యాట్‌ప్లాట్‌తో పైల్-అప్ చూడండి. ఒకేసారి పడిన రెండు ఫోటాన్లను కెమెరా ఒక్క పెద్ద ఫోటాన్‌గా లెక్కించి ఉంటే, గీతలు మోడల్ నుంచి విడిపోతాయి. అప్పుడు వృత్తం మధ్య భాగాన్ని తీసేసి ఉంగరంలా వాడండి.
8. ఫైలుకు నకలు తీసి, ఆ నకలు మీదే బేరిసెన్ నడపండి.

ఎనిమిదో అడుగు గురించి కొంచెం ఆగి చెప్పాలి. బేరిసెన్ ప్రతి ఫోటాన్ సమయాన్ని సౌర కుటుంబ గురుత్వ కేంద్రానికి చేరే సమయంగా మారుస్తుంది. అది ఫైలులోని సమయాలను చెరిపి అక్కడే కొత్తవి రాస్తుంది. నాలుగో అడుగులో చేసిన సమయాల జాబితా మాత్రం ఇంకా ఉపగ్రహం గడియారంలోనే ఉంటుంది. బేరిసెన్ తర్వాత ఆ జాబితాతో వడపోస్తే కొన్ని నిమిషాల దాకా పక్కకు జరిగిన కిటికీలోంచి చూసినట్టే. ప్రోటాన్ల వాన లోపలికి వస్తుంది, మంచి డేటా బయటికి పోతుంది. కంప్యూటర్ ఏ హెచ్చరికా ఇవ్వదు. నేను ఈ పొరపాటు చేసి, వర్ణపటం చివర అనవసరంగా లేచిన తోకకు రెండు రోజులు కొత్త మోడళ్లు వెతికాను.

ఈ దిద్దుబాటు ఎంత అవసరమో కూడా లెక్కేసుకోండి. 40,000 సెకన్ల ఒక్క పరిశీలనలో కాలం కొలవడానికి దీని ప్రభావం చాలా తక్కువ. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కాంతి వేగంలో పదివేల వంతు. కనుక 745 సెకన్లలో తేడా 0.08 సెకనుకు మించదు. కానీ ఈ ఏడాది దశను (భ్రమణంలో తార ఎక్కడ ఉందో) పదేళ్ల కిందటి దశతో పోల్చాలంటే కొన్ని నిమిషాల తేడా రావచ్చు. అది ఒక భ్రమణంలో చెప్పుకోదగ్గ భాగం.

న్యూస్టార్ పని సులువు. నూపైప్‌లైన్ శుభ్రం చేస్తుంది, నూప్రొడక్ట్స్ లైట్ కర్వ్‌లు, వర్ణపటాలు ఇస్తుంది. ఏ, బీ రెండు కెమెరాల బొమ్మలూ విడివిడిగా తెరిచి చూడండి. పక్క నుంచి దూరిన వేరే తార కాంతి ఒక కెమెరాలో పట్టీలా కనిపించవచ్చు. బ్యాక్‌గ్రౌండ్ వృత్తాన్ని ఆ పట్టీ మీద పెట్టకండి.

ముందుకు పోయే ముందు:

- అసలు ఈవెంట్ ఫైలు, బేరిసెన్ చేసిన నకలు వేర్వేరు పేర్లతో ఉన్నాయా?
- కాలాల వెతుకులాటకు ఒకటి, వర్ణపటానికి ఒకటి, రెండు సమయాల జాబితాలు చేశారా? వర్ణపటానికి వడపోత కఠినంగా ఉండాలి. కాలాలకు సడలించవచ్చు, ఎందుకంటే ప్రతి తెంపూ అక్కడ కొత్త తలనొప్పి.

5. కాలాల వెతుకులాట

0.3 నుంచి 10 కేఈవీ మధ్య, 20 సెకన్ల తునకలతో బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన లైట్ కర్వ్ చేయండి. లాంబ్-స్కార్గిల్ పద్ధతితో పవర్ స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యంలో ఊగు ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫు) గీయండి. పైథాన్‌లో నాలుగు వరుసల పని.

*పరిశీలన ఎంత పొడవు ఉండాలి?* రెండు దగ్గరి కాలాలను విడదీసే శక్తి, కాలం వర్గాన్ని పరిశీలన పొడవుతో భాగిస్తే వస్తుంది. పరిశీలన 10,000 సెకన్లే అయితే అది 56 సెకన్లు. మన భ్రమణం, బీట్ మధ్య తేడా 49 సెకన్లు. రెండూ ఒకే ముద్దగా కనిపిస్తాయి. అదే 40,000 సెకన్లు ఉంటే 14 సెకన్లు, రెండు శిఖరాలూ విడిగా నిలబడతాయి. కనీసం ఒక పూర్తి కక్ష్యా కాలం ఉండాలన్న నియమం ఇక్కడి నుంచే వచ్చింది. రెండు మూడు ఉంటే మేలు.

*న్యూస్టార్ దెయ్యాలు.* తారను భూమి ప్రతి 5,800 సెకన్లకు ఒకసారి కప్పుతోంది. ఈ తెంపుల పౌనఃపున్యం మన భ్రమణ పౌనఃపున్యానికి కలుస్తుంది, దానిలోంచి తీసివేత కూడా అవుతుంది. లెక్కించి చూడండి: 855 సెకన్ల దగ్గర ఒకటి, 661 సెకన్ల దగ్గర ఒకటి దొంగ శిఖరాలు లేస్తాయి. నిజమైన బీట్ శిఖరం 794 దగ్గర ఉండాలి. 855ను చూసి "కొత్త బీట్ కాలం దొరికింది" అని సంబరపడిన వారిని చూశాను.

దీనికి మందు సులువైనది. మీ లైట్ కర్వ్ సమయాలను అలాగే ఉంచి, లెక్కల స్థానంలో 745.6 సెకన్ల శుద్ధ సైన్ తరంగాన్ని పెట్టండి. అదే పవర్ స్పెక్ట్రమ్ మళ్లీ గీయండి. ఇందులో కనిపించే పక్క శిఖరాలన్నీ తెంపుల పుణ్యమే. అసలు గ్రాఫులో ఉండి ఇందులో లేనివే తారవి.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు ఇఎక్స్ హైడ్రే. ఇది మనకు 60 పార్సెక్‌ల (ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు) లోపే ఉన్న ఇంటర్మీడియట్ పోలార్. భ్రమణం 67 నిమిషాలు, కక్ష్య 98.3 నిమిషాలు. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం చుట్టు కూడా దాదాపు అంతే. అంటే ఉపగ్రహం బయటికి వచ్చిన ప్రతిసారీ తార తన కక్ష్యలో ఇంచుమించు అదే చోట ఉంటుంది. ఒక్కో చుట్టుకు నిమిషంన్నర చొప్పున మాత్రమే జరుగుతుంది. కొన్ని దశలు రోజుల తరబడి మీకు కనిపించవు. ఇలాంటి తారకు తెంపులు లేని ఎక్స్‌ఎంఎం డేటాతోనే మొదలు పెట్టండి.

*శిఖరం నిజమా, యాదృచ్ఛికమా?* ఈ తారలు నిరంతరం మిణుకుతాయి. ఆ మిణుకు తక్కువ పౌనఃపున్యాల వైపు ఎక్కువగా పోగుపడుతుంది. ప్రోగ్రాములు ఇచ్చే నమ్మకపు శాతం మాత్రం మిణుకు అన్ని పౌనఃపున్యాల్లో సమానమని అనుకొని వేసిన లెక్క. కనుక గంటల స్థాయి శిఖరాలకు వచ్చే 99.9 శాతాన్ని నమ్మకండి. పరిశీలనను రెండు సగాలు చేసి, రెండిటిలోనూ శిఖరం అక్కడే ఉందో లేదో చూడండి.

శిఖరాలను ఇలా చదవండి. భ్రమణం ఒక్కటే బలంగా ఉంటే పదార్థం డిస్క్ గుండా వస్తోంది. డిస్క్ తనలో తాను తిరుగుతూ కక్ష్య గుర్తును చెరిపేస్తుంది కాబట్టి. బీట్ బలంగా ఉంటే కొంత ధార డిస్క్ మీదుగా దూకి నేరుగా క్షేత్ర రేఖలను తాకుతోంది. కక్ష్యా కాలం కనిపిస్తే డిస్క్ అంచున ఉబ్బు ఏదో మధ్యలో అడ్డుపడుతోంది.

6. దశల మీద మడత

దొరికిన భ్రమణ కాలం మీద లైట్ కర్వ్‌ను మడవండి. ఒకే పట్టీ వద్దు. 0.3-2, 2-5, 5-10 కేఈవీ పట్టీల్లో విడివిడిగా మడిచి, ఒకదాని కింద ఒకటి పేర్చండి. పైన గట్టి (ఎక్కువ శక్తి) పట్టీని మెత్తటి (తక్కువ శక్తి) పట్టీతో భాగించిన నిష్పత్తి గీయండి.

మెత్తటి ఎక్స్‌రేలలో ఊగు లోతుగా, గట్టివాటిలో నిస్సారంగా ఉంటే, మధ్యలో తెరలా పడుతున్న పదార్థం కాంతిని మింగుతోంది. న్యూస్టార్‌లో 10 కేఈవీ పైన కూడా ఊగు తగ్గకపోతే మింగడం ఒక్కటే కారణం కాదు. అంత గట్టి ఎక్స్‌రేలను తెర ఆపలేదు. అప్పుడు షాక్ ఉన్న చోటే శ్వేత మరుగుజ్జు అంచు వెనక్కి పోతోందేమో ఆలోచించాలి.

ఇక్కడ తరచూ జరిగే తప్పు పాత గణాంకాలతో దశ కట్టడం. ఈ తారల భ్రమణం స్థిరం కాదు. వి1223 సాజిటేరీ నెమ్మదిస్తోంది. ఎఫ్ఓ అక్వేరీ ఒకప్పుడు నెమ్మదించి, తర్వాత వేగం పుంజుకుని, మళ్లీ దిశ మార్చింది. పాత పత్రంలోని కాలంలో పొరపాటు ఎంత చిన్నదైనా, గడిచిన లక్షల చుట్టులతో గుణించి చూడండి. అది చుట్టులో పదో వంతు దాటితే సొంతంగా సున్నా దశ నిర్ణయించుకుని, ఆ సంగతి రాతలో చెప్పండి.

7. వర్ణపటం

ఇప్పుడు, ఇంత జరిగాక, ఎక్స్‌స్పెక్ తెరవండి. వర్ణపటానికి బేరిసెన్ చేయని ఫైలు, కఠినంగా వడపోసిన సమయాలు వాడండి. ఆర్ఎంఎఫ్‌జెన్, ఏఆర్ఎఫ్‌జెన్ నడిపి, ఒక్కో తునకలో కనీసం 25 లెక్కలు పడేలా గుంపు చేయండి. లెక్కలు తక్కువైతే, మోడల్ ఎంత అతికిందో కొలిచే ఖై-స్క్వేర్ వదిలి సీ-స్టాట్‌కు మారండి.

*ముందు కంటితో చూడండి.* 6 నుంచి 7.2 కేఈవీ మధ్య సాగదీసి చూస్తే మూడు ఇనుము రేఖలు ఉండాలి. 6.4 దగ్గరిది చల్లటి ఇనుము ప్రతిదీప్తి, 6.7 దగ్గరిది రెండు ఎలక్ట్రాన్లు మిగిలిన ఇనుము, 6.97 దగ్గరిది ఒక్క ఎలక్ట్రాన్ మిగిలిన ఇనుము. ఈ మూడూ కలిసికట్టుగా కనిపించడం అయస్కాంత జాతికి మంచి గుర్తు.

*మోడల్‌ను మెట్టుమెట్టుగా కట్టండి.* ఒకేసారి పన్నెండు అంశాలు వదిలేస్తే ఎక్స్‌స్పెక్ ఎక్కడో గుంటలో ఇరుక్కుంటుంది.

1. అంతర తారా శోషణకు టీబ్యాబ్స్. అబండెన్స్‌ను విల్మ్‌కు మార్చండి, ముందే అమర్చి ఉన్న పాత పట్టికతో శోషణ తేడాగా వస్తుంది.
2. చల్లారే స్తంభానికి ఎంకేసీఫ్లో. ఒకే ఉష్ణోగ్రత మోడల్ సరిపోదు. షాక్ దగ్గర అత్యధిక వేడి, ఉపరితలం చేరేసరికి చల్లన, మధ్యలో అన్ని ఉష్ణోగ్రతలూ ఉంటాయి. దిగువ ఉష్ణోగ్రతను మోడల్ అనుమతించే కనిష్ఠం దగ్గర బిగించండి.
3. తెర కోసం పాక్షిక శోషణ, పీసీఎఫ్ఏబీఎస్.
4. 6.4 దగ్గర సన్నని గాసియన్. పీఎన్‌తో దాని వెడల్పు కొలవలేరు, సున్నా దగ్గర బిగించండి.
5. న్యూస్టార్ ఉంటే పరావర్తనం, రిఫ్లెక్ట్. దీన్ని ఎంకేసీఫ్లోకు మాత్రమే తగిలించండి, గాసియన్‌కు కాదు.

ఈ జాబితాలోని రెండో మెట్టులో దాదాపు ప్రతి కొత్తవారూ పడే గుంట ఒకటుంది. ఎంకేసీఫ్లో గెలాక్సీ గుంపుల కోసం పుట్టిన మోడల్. దూరాన్ని అది రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె) నుంచి లెక్కేసుకుంటుంది. మన తార ఇక్కడే ఉంది కదా అని రెడ్‌షిఫ్ట్‌లో సున్నా పెడితే లెక్క చెడుతుంది. దూరానికి సరిపడే కల్పిత రెడ్‌షిఫ్ట్ ఇవ్వాలి. 575 పార్సెక్‌లకు, హబుల్ సంఖ్య 70 అయితే, అది 1.34ను కోటితో భాగించినంత. అప్పుడే నార్మ్ విలువ ఏడాదికి ఎన్ని సూర్య ద్రవ్యరాశుల పదార్థం పడుతోందో నేరుగా చెబుతుంది.

ఈ జాబితాలోని ఐదో మెట్టు వదిలేసినా మొదట్లో చెప్పిన 80 కేఈవీ వ్యాధి వస్తుంది. కిందికి పోయిన ఎక్స్‌రేలలో కొన్ని శ్వేత మరుగుజ్జు ఉపరితలం మీద పడి తిరిగొస్తాయి. అవి 10 నుంచి 30 కేఈవీ మధ్య ఒక మూపురంలా చేరతాయి. పరావర్తనం మోడల్‌లో లేకపోతే, ఆ మూపురాన్ని మోడల్ అధిక వేడిగా అర్థం చేసుకుంటుంది. రిఫ్లెక్ట్ వాడేటప్పుడు ఎనర్జీస్ ఆదేశంతో శక్తి పరిధిని డేటా కన్నా బాగా పైకి, 200 కేఈవీ దాటి పొడిగించండి. పై నుంచి కిందికి జారే ఫోటాన్లు లెక్కలోకి రావాలి.

ఎక్స్‌ఎంఎం, న్యూస్టార్ డేటా వేర్వేరు ఏళ్లదైతే ఒకే మోడల్‌తో కట్టేయకండి. తెర మందం మారి ఉంటుంది. శోషణను విడిగా వదిలి, షాక్ ఉష్ణోగ్రతను మాత్రమే కలపండి.

అంతా కుదిరాక ఎర్రర్ ఆదేశంతో 90 శాతం హద్దులు తీయండి. మధ్యలో కొత్త కనిష్ఠం దొరికిందని అది చెబితే విసుగు పడకండి, మీ మొదటి ఫిట్ గుంటలో ఉందని తెలిసింది.

భ్రమణ శిఖరం, లోయ దశలకు విడి వర్ణపటాలు చేయదలిస్తే, ఉష్ణోగ్రతను రెండిటికీ కట్టి ఉంచి శోషణ ఒక్కటే వదలండి. అలా కుదిరితే ఆరో మెట్టులో చెప్పుకున్న తెర కథ నిలబడినట్టు.

8. ఉష్ణోగ్రత నుంచి ద్రవ్యరాశికి

శ్వేత మరుగుజ్జు ఎంత బరువైతే అంత చిన్నది, పడే పదార్థం అంత వేడి. అనంత దూరం నుంచి పడిందనుకుంటే షాక్ ఉష్ణోగ్రతలు ఇలా ఉంటాయి:

- 0.6 సూర్య ద్రవ్యరాశికి: సుమారు 22 కేఈవీ
- 0.8కి: సుమారు 37
- 1.0కి: సుమారు 59

ఎక్స్‌ఎంఎం 10 దగ్గరే ఆగిపోతుంది. దానితో మాత్రమే 37ను కొలిచానంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు.

ఇంకో సవరణ ఉంది. ఇంటర్మీడియట్ పోలార్లలో పదార్థం అనంతం నుంచి పడదు, డిస్క్ తెగిన చోటు నుంచి పడుతుంది. వి1223 సాజిటేరీని 0.8 అనుకుంటే, పదార్థం 745.6 సెకన్లకు ఒక చుట్టు తిరిగే వ్యాసార్థం సుమారు 1,14,000 కిలోమీటర్లు. శ్వేత మరుగుజ్జు వ్యాసార్థం 7,000 కిలోమీటర్లు. అంటే 16 రెట్లు. ఉష్ణోగ్రత పదహారో వంతు తగ్గి 37 బదులు 34 దగ్గర ఉంటుంది. చిన్న సవరణే. కానీ ఇఎక్స్ హైడ్రేలో డిస్క్ శ్వేత మరుగుజ్జుకు చాలా దగ్గరగా తెగుతుంది, అక్కడ ఈ సవరణ మరిచిపోతే ద్రవ్యరాశి బాగా తక్కువ వస్తుంది. ఎక్స్‌స్పెక్‌లో ఇపోలార్ అనే మోడల్ ఈ పతన దూరాన్ని ఒక అంశంగా తీసుకుంటుంది. ఎంకేసీఫ్లో, ఇపోలార్ రెండిటితో చేసి రెండు విలువలూ ఇవ్వండి. మోడళ్ల మధ్య తేడా గణాంక దోషం కన్నా ఎక్కువ ఉండటం ఇక్కడ మామూలే.

క్రిజమ్ డేటా ఉన్నవారికి మరో దారి. 6.4 రేఖ ఉపరితలం నుంచి వస్తుంది కనుక గురుత్వం దాన్ని ఎరుపు వైపు లాగుతుంది. 0.8 ద్రవ్యరాశికి ఆ లాగుడు సెకనుకు 50 కిలోమీటర్లు, అంటే సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టు.

9. మీది పోలార్ అయితే

పై మెట్లన్నీ పనికొస్తాయి, మూడు మార్పులతో. బీట్ వెతకనక్కర్లేదు. ఏఎం హెర్క్యులిస్ లాంటివి నెలల తరబడి మసకగా ఉండిపోతాయి కనుక కంటి వెలుగు రికార్డు తప్పనిసరి. 0.5 కేఈవీ కింద మెత్తటి కాంతి మిగిలితే కొన్ని పదుల ఎలక్ట్రాన్ వోల్టుల బ్లాక్‌బాడీ చేర్చి చూడండి. అన్ని పోలార్లలోనూ అది ఉండదు, లేకపోతే బలవంతంగా పెట్టకండి.

10. లక్షణం, కారణం, మందు

- ఉష్ణోగ్రత పై హద్దుకు అంటుకుపోయింది. పరావర్తనం లేదు, లేదా 10 కేఈవీ పైన డేటా లేదు. రెండూ ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వృత్తాన్ని మరోచోట పెట్టి చూడండి.
- పదార్థం రాక అసాధ్యమైన విలువ చూపిస్తోంది. ఎంకేసీఫ్లో రెడ్‌షిఫ్ట్ సున్నా ఉంది.
- 855 సెకన్ల కాలం. ఉపగ్రహానిది, తారది కాదు.
- ఏ, బీ కెమెరాలు 20 కేఈవీ పైన పొసగడం లేదు. ఒకదాని బ్యాక్‌గ్రౌండ్‌లో పక్క కాంతి పడింది.
- హీలియం లాంటి అయాన్ల రేఖలతో సాంద్రత విపరీతంగా వచ్చింది. వేడి శ్వేత మరుగుజ్జు అతినీలలోహిత కాంతి నిషిద్ధ రేఖను చంపేస్తుంది, అది చూడటానికి అధిక సాంద్రతలాగే ఉంటుంది. ఈ తారల్లో ఆ నిష్పత్తితో సాంద్రత చెప్పకండి.
- నిన్న వచ్చిన ఫలితం ఇవాళ రావడం లేదు. మధ్యలో క్రమాంకన ఫైళ్లు మారాయి, లేదా బేరిసెన్ చేసిన నకలును అసలు అనుకుని తెరిచారు. రెండోదే ఎక్కువ. ఫైలు హెడర్‌లో సమయ ప్రమాణం టీడీబీ అని ఉంటే అది నకలే.